ఒక సెలవు – ఒక దారి

గడచిన ఆషాఢమాసములో ఒకనాటి సాయంకాలము మావారు బడినుండి వచ్చుచు భారతదేశపటము నొకదానిని చంకను పెట్టుకొని తెచ్చిరి. అంచులు చినిగిపోయినందున దానిని బడిలో గోడమీదినుండి తీసివేసిరట. నడవలో చాపమీద దానిని పఱచి, నాలుగు మూలల నాలుగు చెంబులు బరువుగా నుంచి, "ఈ యేడు మనమందఱము ఎక్కడికైన పోయి వత్తము. ఎవరెవరు ఏయే చోటు చూడగోరుదురో వ్రేలు పెట్టి చూపుడు" అనిరి.

మా చిన్నవాడు తటాలున కాశ్మీరముమీద వ్రేలు పెట్టెను. వానికి మంచు కావలెను. మా అమ్మాయి అండమానుదీవులను చూపెను. దానికి సముద్రము కావలెను. మావారికి ఒక్క వ్రేలు చాలినది కాదు. ఢిల్లీమీద నొకటి, జయపురముమీద నొకటి, ఎల్లోరామీద నొకటి పెట్టిరి. వారు చరిత్ర చెప్పువారు గదా! మా అత్తగారు స్తంభమునకు చేరగిలబడి వత్తులు చేసికొనుచు, "నాకెక్కడికిరా నాయనా! మోకాళ్ళు కదలవు. మీరు పోయి రండు. నేను ఇల్లు కనిపెట్టుకొని యుందును" అనిరి. నేను వంటింటి గడపలో గరిటె చేతబట్టుకొని నవ్వుచు నిలుచుంటిని.

ఆ రాత్రి అందఱును పండుకొన్న పిమ్మట పటమును మడచిపెట్టుచు కొంతసేపు దానినే చూచితిని. మన దేశము ఉత్తరదక్షిణములుగా సుమారు 3,214 కిలోమీటర్లు, తూర్పుపడమరలుగా సుమారు 2,933 కిలోమీటర్లు. ఈ యంకెలు చిన్నప్పుడు మనమందఱమును వల్లించినవే. కాని వల్లించిన యంకెకు బరువు తెలియదు. మా జిల్లామీదుగా పోవు రైలుబండి యొకటి కలదు. అది అస్సాములోని దిబ్రూగఢునుండి బయలుదేరి కన్యాకుమారివఱకు సుమారు 4,200 కిలోమీటర్లు పోవును. మొదట నెక్కినవారు తుదను దిగుసరికి మూడు పగళ్ళును మూడు రాత్రులును గడచిపోవును. దేశమంతటికిని గడియారము ఒక్కటే. మన కాకినాడకు చేరువగా పోవు 82½ డిగ్రీల రేఖనుబట్టి దానిని నిర్ణయించిరి. కాని సూర్యుడు ఆ గడియారమునకు లోబడువాడు కాడు. అరుణాచలప్రదేశమున తెల్లవాఱిన రమారమి రెండుగంటలకుగాని గుజరాతు పడమటికొనయందు తెల్లవాఱదు. మేఘాలయములోని మౌసిన్‌రామునందు ఏడాదికి సగటున 11,000 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియును. జైసల్మేరు ఎడారియందు 200 మిల్లీమీటర్లు నిండుటయే గొప్ప.

ఇంతటి దేశమున "ఎక్కడికైన పోవుదము" అనుట, సంతకు పోయి "ఏదైన కొందము" అనుటవంటిది. సంచి నిండును గాని ఇంటికి వచ్చి చూచుకొన్న, పొయ్యిమీద పెట్టుటకు కావలసిన దొకటియు నుండదు.

ఈ మాట ఊరక యనుట లేదు. ఐదేండ్ల క్రిందట వేసవిసెలవులలో మేము ఉత్తరదేశమునకు పోతిమి. పది దినములు, ఏడు ఊళ్ళు. ఆ పట్టికను మావారు ఎంతో శ్రద్ధతో గీతలు గీసి వ్రాసిరి. అందులో ఊళ్ళు కలవు, బండ్లు కలవు, గంటలు కలవు. కాని నిదుర లేదు, బట్టలు ఉతుకుకొనుట లేదు, డెబ్బదికి చేరువైన పెద్దామె మెట్లెక్కుటకు పట్టు కాలము లేదు, వైశాఖమాసపు టెండ లేదు. ఆగ్రాలో తాజమహలు ఎదుట వడగాడ్పునకు మా అత్తగారికి కన్నులు చీకట్లు గమ్మెను. నీడను కూర్చుండబెట్టి, నీళ్ళు త్రాగించి, చెంగుతో విసరుచుండగా ఆ తెల్లని కట్టడమువైపు మాలో నొక్కరును తల త్రిప్పి చూడలేదు. తరువాతి యూరిలో చిన్నవానికి జ్వరము. కాశికి చేరుసరికి బండి ఆలస్యమై మాకు మిగిలినది ఒక్క యుదయము. గంగలో మూడు మునకలు వేయించి, హడావిడిగా దర్శనము చేయించి, "బండి వేళయైన దత్తయ్యగారూ" అని చేయి పట్టుకొని లాగుకొని వచ్చితిని. పుట్టినది మొదలు కాశి, కాశి యని విన్న యా ప్రాణమును మూడుగంటలలో కాశినుండి లాగుకొని వచ్చినది నేనే. ఆమె ఒక్కమాటయు ననలేదు. బండిలో కిటికీవైపు మొగమై కూర్చుండి చెంగుతో కన్నులు తుడుచుకొనిరి. ఇంటికి వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగువా రడిగినప్పు డెల్ల "అన్నియు చూచితిమమ్మా" అనిరి. ఆ మాట విన్నప్పు డెల్ల నాకు తల వంగిపోయెడిది.

ముందుచూపు లేక ప్రయాణము కట్టినవారిలో మొదట చెప్పదగినవాడు మనుచరిత్రములోని ప్రవరుడు. సిద్ధుడు కాలికి పసరు పూయగానే హిమాలయమునకు పోయెను. పోవుదారి యాతనికి తెలిసెను, వచ్చుదారి యాలోచింపలేదు. కొండమీద మంచుండునని యెఱిగియు, పూసికొన్న పసరు ఆ మంచునీటికి కరగిపోవునేమో యని తలపడయ్యెను. మిట్టమధ్యాహ్నమున ఇల్లు జ్ఞప్తికి వచ్చుసరికి కాళ్ళకు పసరు లేదు. మన మాతనిని చూచి నవ్వుదుము గాని, మా పది దినముల పట్టికయు నట్టి పసరే.

ఆ కథలో చిన్ననాడు మా నాయనగారు చెప్పినప్పుడు నాకు తోచనిది, ఇప్పుడు తోచుచున్న దొకటి కలదు. ప్రవరుని యింటికి తీర్థవాసులు వచ్చుచుందురు. ఆత డెదురేగి తోడ్కొనివచ్చి, ఏయే దేశములు చూచితిరి, ఏయే వింతలు కంటిరి అని యడిగి వినుచుండును. వేళగాని వేళ వారికందఱికిని వండి పెట్టినది ఆతని యిల్లాలు. ఆ కథలు ఆమె చెవినిగూడ పడియేయుండును. ఆమె ఏ కొండను, ఏ నదిని చూడగోరెనో సిద్ధు డడుగలేదు, మగ డడుగలేదు, పెద్దనగారును మనకు చెప్పలేదు.

కావున మఱునాటి మధ్యాహ్నము పనులు తీఱిన పిమ్మట పటమును తెచ్చి మా అత్తగారి యెదుట పఱచితిని. "అత్తయ్యగారూ, మోకాళ్ళ మాట తరువాత. మీకు చూడవలెనని యున్నదేదో చెప్పుడు" అంటిని. ఆమె చాలసేపు మాటాడలేదు. "మరల కాశికి పోవుదమా? ఈసారి తొమ్మిది రాత్రులును నిద్ర చేయుదము" అంటిని. ఆమె తల యడ్డముగా త్రిప్పి, "కాశి యైనది. నేను వచ్చిపోతినని విశ్వనాథునకు తెలియును" అనిరి. కొంత తడవునకు, "అమ్మాయీ, మన గోదావరి ఎక్కడ పుట్టినదే?" అని యడిగిరి.

నేను నాసికముచెంత త్ర్యంబకమును చూపితిని. ఆమె యా చుక్కమీద వ్రేలు పెట్టి, అచ్చటినుండి నీలిగీత వెంబడి మెల్లగా తూర్పునకు జరుపుకొనుచు వచ్చి మా యూరివద్ద నిలిపిరి. "పదునాఱవ యేట పడవమీద ఈ యూరికి కాపురమునకు వచ్చితిని. ఏబదియాఱేండ్లనుండి ఈ నీళ్ళే త్రాగుచున్నాను. మీ మామగారిని ఈ నీళ్ళలోనే కలిపితిమి. ఇది పుట్టినచోట ఎట్లుండునో చూడవలెనని యుండెడిది. ఎవరును అడుగలేదు, నేనును చెప్పలేదు" అనిరి.

అప్పుడు నాకు కన్నులు తెఱపిడి పడినవి. మాలో తక్కినవారు చూపినవి చుక్కలు. ఆమె చూపినది దారి. చుక్కలు పది చూపిన, వానిని కలుపుటకే సెలవు చాలదు. దారి యొక్కటి చూపిన, దానిమీదనున్న చుక్కలు తమంతట తామే దొరకును. ఇంత పెద్ద దేశములో ప్రయాణము కట్టుకొనువారికి ఇదియే మొదటి మాటగా నాకు తోచినది: ఒక సెలవునకు ఒక దారి. అది నది కావచ్చును, కనుమ కావచ్చును, సముద్రతీరము కావచ్చును. తక్కిన దేశము ఎక్కడికిని పోదు; మఱొక యేటికి అట్లే యుండును.

గోదావరి త్ర్యంబకమునందు బ్రహ్మగిరిమీద పుట్టుచున్నది. అచ్చటికి పడమటిసముద్రము సుమారు 80 కిలోమీటర్లే. అయినను ఆ దగ్గఱదారి విడిచి, తూర్పుముఖమై 1,465 కిలోమీటర్లు నడచి మన సముద్రములో కలియుచున్నది. నడుమ పైఠణము, నాందేడు దాటి, కందకుర్తియొద్ద తెలంగాణములో ప్రవేశించి, బాసర, ధర్మపురి, కాళేశ్వరము, భద్రాచలము చూచుకొని మన యింటికి వచ్చుచున్నది. మావారు చూపిన ఎల్లోరా ఆ దారికి చేరువనే యున్నది. మా అమ్మాయికి కావలసిన సముద్రము ఆ దారి చివర, మాకు కూతవేటు దూరమున అంతర్వేదియం దున్నది. మంచు ఒక్కటియే ఆ దారిలో లేదు.

ఇక రెండవమాట: ఎప్పుడు పోవలెనో ఋతువు చెప్పవలెను గాని మన ఉబలాటము చెప్పరాదు. బడికి పోవు పిల్లలు గల యిండ్లకు ఏడాదిలో పెద్ద సెలవులు మూడే: వేసవి, దసరా, సంక్రాంతి.

వేసవిలో గంగామైదానమునుండి మన కృష్ణాగోదావరుల వఱకు నేల నిప్పులు చెఱగుచుండును. అప్పుడు పోదగినవి ఎత్తైన చోట్లు. నీలగిరులలోని ఉదకమండలము సుమారు 2,240 మీటర్ల యెత్తున, కొడైకానాలు సుమారు 2,100 మీటర్ల యెత్తున, డార్జిలింగు సుమారు 2,000 మీటర్ల యెత్తున నున్నవి. కాశ్మీరము, హిమాచలము, కుమావూను కొండలును అప్పుడే సుఖము. కాని నైఋతి ఋతుపవనము సాధారణముగా జూను 1వ తేదీ ప్రాంతమున కేరళమును తాకి, జూలై రెండవ వారము లోపల దేశమంతయు వ్యాపించును. వానలు పడిన పిమ్మట హిమాలయమార్గములలో కొండచరియలు విఱిగిపడుచుండును. 2013 జూనులో కేదారమునందు వచ్చిన వఱద వేలమందిని పొట్టబెట్టుకొనినది. కనుక కొండలకు పోవువారు సెలవుల మొదటిభాగమునందే పోయి రావలెను.

దసరానాటికి ఉత్తరమధ్యదేశములలో వానలు వెనుదీయును. నదులు నిండుగాను, నేల పచ్చగాను, ఎండ చల్లగాను ఉండును. కాశి, ప్రయాగ, నర్మదాతీరము, నాసికము అప్పుడు చూడదగినవి. వంగదేశమున దుర్గాపూజ అప్పుడే. చూడ ముచ్చటయే గాని బస ముందుగా కుదుర్చుకొననిచో వీథిని పడుదుము. తమిళదేశపు తీరమున వానకాలము అక్టోబరునుండి డిసెంబరు వఱకు; మన తూర్పుతీరమున తుపానులును ఆ కాలముననే. సంక్రాంతికి రాజస్థానము, కచ్ఛపు తెల్లని ఉప్పునేల, తమిళదేశపు దేవాలయములు, కన్యాకుమారి, కేరళము, అండమానులు బాగుండును. కాని ఆ దినములలో ఢిల్లీ, కాశి ప్రాంతములం దంతయు పొగమంచు క్రమ్మి బండ్లు గంటలకొలది ఆలస్యమగును.

దీనినిబట్టి మా గోదావరికి దసరాయే తగినదని తేలినది. వేసవిలో నది పలుచబడును. శ్రావణములో పడమటికనుమలయందు వాన మిక్కుటము. త్ర్యంబకమున సింహస్థగురువునందు 12 ఏండ్లకొకమారు కుంభమేళా జరుగును. 2015లో జరిగినప్పుడు పోయివచ్చినవారు ఆ జనసమ్మర్దమును కథలుగా చెప్పిరి. అట్టి సమయములలో ముసలివారితో పోవలెనన్న రెండుమార్లు ఆలోచింపవలెను.

చిన్నవాడు మంచుకై మొగము చిన్నబుచ్చుకొనెను. వానిని కూర్చుండబెట్టి, వచ్చు వేసవి నీదియే యని మాట యిచ్చి, కారణముగూడ చెప్పితిని. పిల్లలకు కారణము చెప్పిన అంతగా అలుగరు. మంచుకొండలకు ఏర్పాటు వేఱు. అచ్చట దూరమును కిలోమీటర్లతో గాక గంటలతో కొలువవలెను. మన మైదానములో నూఱు కిలోమీటర్లు రెండుగంటల దారి. కొండలలో నాలుగైదు గంటలు పట్టును. బదరి సుమారు 3,100 మీటర్ల యెత్తుననున్నది. గుడి సమీపమువఱకు బండి పోవును. కేదారము 3,500 మీటర్లకు పైబడి యున్నది. గౌరీకుండమునుండి సుమారు 16 కిలోమీటర్లు కొండయెక్కవలెను. ఈ యాత్రలకు ముందుగా పేరు నమోదు చేయించుకొనుట తప్పనిసరి. లడఖులోని లేహ్ సుమారు 3,500 మీటర్లు. విమానమున దిగినవారు ఒకటి రెండు దినములు ఏ పనియు పెట్టుకొనక విశ్రమింపవలెను. అచ్చటి గాలి పలుచన. తలనొప్పి, వాంతి, ఆయాసము వచ్చినచో మొండితనముతో పైకి పోక క్రిందికి దిగివలెను. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు ముందు వైద్యుని యడుగుట మఱువరాదు.

మూడవమాట విశ్రాంతి. మేఘసందేశములో యక్షుడు మేఘమునకు దారి చెప్పిన తీరు చూడుడు. ఆ మేఘము బయలుదేరినదియు ఆషాఢముననే. అలసినప్పుడెల్ల కొండకొమ్ములమీద ఆగుమనును, సన్నగిలినప్పుడు ఏటినీరు త్రాగుమనును, కొంచెము చుట్టుదారియైనను ఉజ్జయినిని చూడక పోవలదనును. ప్రాణములు కన్నులలో పెట్టుకొని యెదురుచూచు భార్యకు కబురు పంపువాడే అంత నిదానముగా దారి కట్టినప్పుడు, సెలవునకు పోవు మనకు తొందర యేల?

మా దారి యిట్లు కట్టుకొంటిమి. మా నరసాపురమునుండి నాగర్‌సోలుకు బండి కలదు. అచ్చటికి మన్మాడు చేరువ. మన్మాడునుండి నాసికము దూరము కాదు. ఈ రాకకు రెండు దినములు. నాసికమున మూడు రాత్రులు. త్ర్యంబకము నాసికమునకు సుమారు 30 కిలోమీటర్లు. అచ్చట కుశావర్తమను కోనేరు ఊరిలోనే యున్నది కనుక మా అత్తగారు అక్కడ స్నానము చేసి కూర్చుందురు. బ్రహ్మగిరికి వందలకొలది మెట్లు. పిల్లలును మావారును ఎక్కి వచ్చి యామెకు చెప్పుదురు. ఒక దినము పంచవటి. తరువాత 2023లో ఛత్రపతి సంభాజీనగరమని పేరు మాఱిన ఔరంగాబాదులో మూడు రాత్రులు. ఎల్లోరా అచ్చటికి సుమారు 30 కిలోమీటర్లు. ఒకే కొండను పైనుండి తొలుచుకొనుచు వచ్చి చేసిన కైలాసదేవాలయము అక్కడిదే. 8వ శతాబ్దిలో రాష్ట్రకూటరాజు కృష్ణుని కాలమున తొలిచిరి. ఎల్లోరాకు మంగళవారము, అజంతాకు సోమవారము సెలవు. ఇది తెలియక తలుపుల ముందు నిలుచున్నవారు కలరు. వచ్చునప్పుడు బాసరలో ఒక దినము, పిమ్మట ఇల్లు. ఇవి మొత్తము పది దినములు. అలసట తీఱినాక ఒక యాదివారము అంతర్వేదికి పోయి, పుట్టిన చోట చూచిన నదిని కలిసిన చోటను చూతుము.

మావారు అజంతాగూడ చేర్పవలెననిరి. పోను రాను 200 కిలోమీటర్లు. "చేర్చుడు. ఆ దినము ఎవరి విశ్రాంతినుండి తీయవలెనో అదిగూడ వ్రాయుడు" అంటిని. వారు పెన్సిలు చెవిమీద పెట్టుకొని నవ్వి యూరకుండిరి.

ఇక టిక్కెట్లు, డబ్బు. దూరపుబండ్లకు 2024 నవంబరునుండి 60 దినములు ముందుగా టిక్కెట్లు ఇచ్చుచున్నారు. అంతకు మునుపు 120 దినములుండెడివి. కనుక దసరాకు పోవువారు శ్రావణమాసపు నోముల నడుమనే ఈ పనియు చూచుకొనవలెను. 45 ఏండ్లు నిండిన స్త్రీలకు క్రిందిపడక దొరకునట్లు చూచు ఏర్పాటు కలదు. వయస్సు సరిగా వ్రాయించుడు, సిగ్గుపడకుడు. 5 మొదలు 12 ఏండ్ల లోపు పిల్లకు వేఱుపడక కావలెనన్న పూర్తి వెల. పెద్దవారికి మునుపిచ్చిన తగ్గింపును 2020 మార్చిలో నిలిపివేసిరి. కనుక పూర్తి వెలయే లెక్క వేసికొనుడు. దూరము పెరిగినకొలది కిలోమీటరునకు పడు వెల తగ్గుచుండును. ముక్కలుముక్కలుగా కొనుటకంటె ఒకే టిక్కెట్టు మేలు. నేను సంక్రాంతినుండి పోపులపెట్టెలో దాచిన సొమ్మును నాలుగు మూటలుగా కట్టితిని: బండికి, బసకు, భోజనమునకు, మందుమాకులకు. నాలుగవ మూట విప్పకుండ తిరిగివచ్చిన, అదియే మరుసటి ప్రయాణమునకు బోణీ.

నాలుగవమాట మన సంగతి. వెనుకటి ప్రయాణమున నేను వంటింటిని మూట గట్టుకొని పోతిని. కుక్కరు, పప్పు, బియ్యము, పొడులు, ఊరగాయజాడీ. ప్రతి బసలోను అందఱును ఊరు చూడబోవగా నేను గిన్నెలు తోముకొంటిని. సెలవు బడికి మాత్రమే వచ్చినది, నాకు రాలేదు. ఈసారి మొదటి దినమునకు పులిహోర, తరువాతికి కొన్ని చక్కిలములు, సున్నియుండలు, ఇంతే. అచ్చట జొన్నరొట్టెయు, పిఠలా యను సెనగపిండికూరయు దొరకును. ఏకాదశినాడు మా అత్తగారికి సగ్గుబియ్యపు ఖిచిడీ ఆ దేశమున ఎక్కడనైన దొరకును. జమాఖర్చు మా అమ్మాయి వ్రాయును, నీళ్ళసీసాలు చిన్నవాడు నింపును, మందులసంచి మావారిది. నాకు పని యేదియు మిగులలేదని చెప్పుటకు మొదట నాకే సంకోచమైనది.

పట్టిక యంతయు అత్తగారికి చదివి వినిపించిననాడు ఆమె శ్రద్ధగా విని, "అంతయు బాగున్నది. నీ వ్రేలేదే?" అనిరి.

నాకు మొదట అర్థము కాలేదు. "ఆనాడు అందఱును వ్రేళ్ళు పెట్టిరి. నన్ను నీవు అడిగితివి. నిన్నెవరడిగిరి?" అనిరి. నిజముగా నన్నెవరు నడుగలేదు. అంతకంటె వింత యేమనగా, అడుగలేదన్న సంగతి నాకును తోచలేదు.

చివరకు పైఠణముమీద వ్రేలు పెట్టితిని. పూర్వము అది ప్రతిష్ఠానపురము, శాతవాహనుల రాజధాని. హాలుడు గాథాసప్తశతిని కూర్చెనని చెప్పుదురు; అందులో ఈ గోదావరిగట్టు ఆడువారి మాటలు ఎన్నో కలవు. కథాసరిత్సాగరములో నొక కథ ఆ యూరిదే. జలక్రీడలో రాణి నీళ్ళు చల్లవలదని సంస్కృతమున అనగా, ఆ సంధి తెలియక రాజు కుడుములు తెప్పించెనట. రాణి నవ్వగా సిగ్గుపడి చదువు మొదలుపెట్టెనట. పదేండ్ల వయస్సున మా నాయనగారు వీథియరుగుమీద ఆ కథ చెప్పి నాకు సంధి నేర్పిరి. ఏకనాథుడు మెలగిన యూరుగూడ నదియే. నెమళ్ళ అంచుల పైఠణీచీరెలు అచ్చటివే. కొనుటకు కాదు, నేయుట చూచుటకు. అన్నిటికంటె ముఖ్యముగా ఒక సాయంకాలము ఆ గట్టున ఎవరి అన్నపువేళయు తలపక కూర్చుండవలెనని యున్నది. ఇది చెప్పుసరికి నా గొంతు ఏల పట్టినదో నాకే తెలియదు.

పైఠణము ఔరంగాబాదునకు సుమారు 50 కిలోమీటర్లు. మావారు మాఱుమాట లేక, ఔరంగాబాదు మూడు రాత్రులలో నొకటి కొట్టివేసి పైఠణము అని వ్రాసిరి. "ఆ సాయంకాలము వంటమాట ఎవరైన ఎత్తిన నేనూరుకొనను" అని మా అత్తగారు ఆజ్ఞాపించిరి.

టిక్కెట్లు వచ్చినవి. మా అత్తగారు చిన్న రాగిచెంబొకటి తోమి, మూత బిగియునో లేదో చూచుకొనుచున్నారు. బయలుదేరునాటి యుదయము మా రేవున గోదావరినీళ్ళు నింపుకొని, కుశావర్తములో కలిపి వత్తురట. "ఇక్కడి నీళ్ళు అక్కడికేల అత్తయ్యగారూ?" అని మా అమ్మాయి నాచేత అడిగించినది. "ఆడబిడ్డను ఏడాదికొకమారైన పుట్టింటికి తీసికొనిపోరా యేమే? ఇది ఎన్నడును పోయి యెఱుగదు" అనిరి.

సోదరీమణులారా, మీ యింటను ఈ యేడు పటము పఱచినప్పుడు ముందుగా మూలకూర్చున్నవారిని అడుగుడు. పిమ్మట గరిటె క్రిందబెట్టి వచ్చి, మీ వ్రేలునుగూడ పెట్టుడు.